సెకనులో నూట పాతికో వంతు

ధవళేశ్వరం,
4 జూలై 2025.

బావగారికి ముసలయ్య రాయునది.

మీరు ఆ గోడల లోపలికి వెళ్లి పదమూడు నెలలైంది. మా క్వార్టర్స్ నుంచి మీ జైలుకి ఆటోలో అరగంట. ఒక్కసారీ రాలేదు. మీరు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎందుకో మీకు తెలుసు. మీ మొహం చూడాలంటే కాళ్లు రావడం లేదండి. గొంతు వినాలన్నా అంతే. కాగితమైతే పర్లేదనిపించి ఇది రాస్తున్నాను.

నిడదవోలులో మీ స్టూడియో గది ఖాళీ చెయ్యమని ఇంటాయన అడిగాడు. సామానంతా ఇక్కడికి తెచ్చేశాను. పెద్ద కెమెరా ఎలాగూ ఆ రోజు కారుతోపాటే కాలవలో పోయింది. రెండోది, నల్ల సంచిలోది, బాగానే ఉంది. వానాకాలం వాడకుండా పెడితే లెన్సుకి బూజు పడుతుందని మీరు అంటుండేవారు కదా.

మా ఆఫీసులో పల్లంరాజు గారని ఉన్నారు. ఆయన కూతురి పెళ్లి శ్రావణంలో, రావులపాలెం కల్యాణ మండపంలో. ఫోటోలు నన్ను తియ్యమన్నారు. కాలవ లస్కరుని, లాకు తలుపులు ఎత్తడం దించడం తప్ప నాకేం తెలుసండీ అన్నా వినలేదు. మొహమాటానికి ఒప్పుకున్నాను. నిన్న సాయిదుర్గని పెరట్లో నిలబెట్టి తీస్తే దానికి రెండు తలలు వచ్చాయి. "మావయ్యా, షటర్ స్పీడు చూసుకోవాలి. నాన్న అంటుండేవాడుగా" అని నవ్వింది. నవ్వి, లోపలికి వెళ్లిపోయింది. ఈ ఇంట్లో దాని నోట మీ మాట రావడం చాన్నాళ్లకి.

అది కులాసా. రావులపాలెంలో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతోంది. అరటిగెలల లారీల మధ్యలోంచి రోజూ బస్సు పట్టుకుని వస్తుంది.

షటర్ అంటే ఏంటో, ఎక్కడ ఎంత పెట్టాలో, నాలాంటివాడికి అర్థమయ్యేలా రాయండి.

ఇట్లు,
ముసలయ్య


రాజమండ్రి సెంట్రల్ జైలు,
11 జూలై 2025.

చిరంజీవి ముసలయ్యకి బావ సత్యప్రసాద్ ఆశీస్సులు.

వార్డరు నీ ఉత్తరం చేతిలో పెడితే ముందు దస్తూరీ నీదేనా అని చూశాను. నాలుగుసార్లు చదివాను. మా సాయిదుర్గ నవ్విందన్న చోట నాలుగుసార్లూ ఆగిపోయాను. వాళ్లమ్మ పోయినప్పుడు దానికి ఆరేళ్లు. మీ అక్క పోయాక దాన్ని తెచ్చి నీ చేతిలో, నూకరత్నం చేతిలో పెట్టేసి నేను పెళ్లిళ్ల వెంట తిరిగాను. అది మీ ఇద్దరి పిల్లే.

ఇక్కడ నాకు లైబ్రరీ పని ఇచ్చారు. రాయడం రానివాళ్లకి ఇంటికి ఉత్తరాలు రాసిపెడుతున్నాను. నాకే ఎవరికి రాయాలో తెలీక కూర్చున్నాను ఇన్నాళ్లూ.

ఇక పాఠం విను. కెమెరా లోపల తెరలాంటిది ఒకటి ఉంటుంది, అదే షటర్. నొక్కగానే తెరుచుకుని మూసుకుంటుంది. నీ లాకు తలుపే అనుకో. ఎంతసేపు ఎత్తి ఉంచితే అంత నీరు, ఇక్కడ అంత వెలుతురు. పైన గుండ్రటి చక్రం తిప్పి S దగ్గర పెట్టు. తర్వాత బొటనవేలి దగ్గరున్న చిన్న చక్రం తిప్పుతుంటే అంకెలు మారతాయి. 125 అంటే సెకనులో నూట పాతికో వంతు. అంకె పెరిగేకొద్దీ వేగం ఎక్కువ, వెలుతురు తక్కువ. నిలబడ్డ మనిషికి 125 చాలు. నడిచేవాళ్లకి 250. పరిగెత్తే పిల్లలకి 500. 60 కిందికి దిగావంటే నీ చెయ్యి వణుకు కూడా ఫోటోలో పడుతుంది. అంకె పక్కన రెండు చిన్న గీతలు కనిపిస్తే మాత్రం జాగ్రత్త. అవి ఉంటే ఏకంగా సెకన్లన్నమాట. పిల్లకి రెండు తలలు వచ్చింది అందుకే అయ్యుంటుంది.

నీళ్ల మీద నేర్చుకో. జూన్‌లోనే కాలవలకి వదిలేసి ఉంటారుగా. కెమెరాని స్టాండు మీద పెట్టి, 1000 మీద ఒకటి, సెకనులో నాలుగో వంతు మీద ఒకటి తియ్యి. మొదటిదాంట్లో ప్రతి చుక్కా విడివిడిగా గాజుపూసలా నిలబడుతుంది. రెండోదాంట్లో నీరంతా పాలమీగడలా వస్తుంది. అంత అందం ఇంకెక్కడా దొరకదు.

మండపంలో ఎలాంటి లైట్లు పెడుతున్నారో చూసి రాయి. సాయిదుర్గకి సంబంధాలేమైనా వస్తున్నాయా? వచ్చే జూన్‌కి నేను బయటికొస్తాను.

నీ బావ,
సత్యప్రసాద్


ధవళేశ్వరం,
19 జూలై 2025.

బావగారికి నమస్కారములు.

మీరు చెప్పినట్టే నీళ్లు తీశాను. మా లాకు దగ్గర కాదు. బస్సెక్కి పెరవలి దాటి, మీ కారు దిగిపోయిన చోటికి వెళ్లాను. అక్కడ గట్టు మీద ఇప్పుడు సిమెంటు దిమ్మలు కట్టారు. దిమ్మ పక్కన స్టాండు పెట్టుకుని 1000 మీద ఒకటి, నాలుగో వంతు మీద ఒకటి తీశాను. మీరు రాసింది నిజమే. రెండోదాంట్లో నీరు మీగడలా వచ్చింది. నా భార్య ఆ నీటి కింద నలభై నిమిషాలు ఉందండి, క్రేను వచ్చేదాకా. అంత అందం ఇంకెక్కడా దొరకదని మీరు రాసిన వాక్యం అక్కడే నిలబడి మళ్లీ ఒకసారి చదువుకున్నాను.

పోనివ్వండి. మీకు తట్టలేదంతే.

షటర్ లెక్క కాస్త తెలిసింది కాబట్టి ఒకటి అడుగుతాను. కోర్టులో మీరు "కునుకు పట్టింది" అన్నారు. మీ లాయరు "రెండు సెకన్లు" అన్నాడు. వరసగా రెండు రోజులు పెళ్లి తీసి, తెల్లవారుజామున అలసిపోయి బండి నడుపుతున్న మనిషికి రెండు సెకన్లు ఎవరికైనా జరుగుతుందని వాదించాడు. ఎంతసేపండి అది, నిజంగా?

మండపానికి వెళ్లి చూసొచ్చాను. అన్నీ ఎల్‌ఈడీ లైట్లే. 500 పెట్టి తీస్తే ఫోటో నిండా అడ్డంగా నల్లటి చారలు పడుతున్నాయి. కెమెరా పాడైందా, నేను పాడుచేశానా తెలీడం లేదు. తలంబ్రాలప్పుడు ఎంత పెట్టాలో కూడా రాయండి.

సాయిదుర్గ పెళ్లి సంగతి అడిగారు. సంబంధాలు వస్తున్నాయి. నాన్న బయటికొచ్చాకే అంటోంది. మీరు నిశ్చింతగా ఉండండి.

ముసలయ్య


రాజమండ్రి,
27 జూలై 2025.

ముసలయ్యా,

నీళ్ల మీద నేర్చుకోమని నీకు ఎలా రాశానో నాకే అర్థం కావడం లేదు. నాకు ఫోటో తప్ప ఇంకోటి కనపడదు. "అన్నయ్యగారు మనిషిని చూడరు, ఫ్రేము చూస్తారు" అని నూకరత్నం అంటుండేది. క్షమించమనడానికి కూడా మొహం లేదు.

అడిగావు కాబట్టి చెబుతాను. రెండు సెకన్లు లాయరు మాట. పెరవలి సెంటర్‌లో ఒకసారి నా కళ్లు మూతపడ్డాయి. ఆ పెళ్లికే వచ్చి నా కారులో తిరిగొస్తున్న నూకరత్నం పక్క సీట్లోంచి చూసింది. "ఆపండి అన్నయ్యగారూ, టీ తాగి వెళదాం" అంది. "ఇంకెంతమ్మా, ఇరవై నిమిషాలు" అన్నాను. ఆ తర్వాత నాకేం తెలీదు, మొహానికి నీళ్లు తగిలేదాకా. నేను బయటపడ్డాను, ఆవిడ పడలేదు. ఆ టీ సంగతి కోర్టులో చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పకుండా చచ్చిపోతానేమోనని భయంగా ఉండేది. ఇప్పుడు చెప్పేశాను.

నీ కెమెరాకి ఏమీ కాలేదు. ఎల్‌ఈడీ లైట్లు కంటికి తెలీకుండా సెకనుకి వందసార్లు తగ్గి పెరుగుతుంటాయి. షటర్ మరీ వేగంగా పెడితే ఆ తేడా చారలై పడుతుంది. 100కి దించు, పోతాయి. తలంబ్రాలకి మాత్రం 500 ఉండాల్సిందే, ప్రతి గింజా గాల్లో నిలబడాలి. మండపంవాళ్లని బతిమాలి ఆ పది నిమిషాలూ ఎల్‌ఈడీలు ఆర్పించి, పాత హాలోజన్ లైట్లు పెట్టించు.

అన్నిటికంటే ముఖ్యం ఇంకోటుంది. జీలకర్ర బెల్లం పెట్టాక మధ్యలో తెర తీస్తారు చూడు, అప్పుడు 125 మీద సిద్ధంగా ఉండు. అందరూ అమ్మాయి పెళ్లికొడుకుని చూస్తుందనుకుంటారు. చూడదు. ముందు వాళ్ల నాన్న ఎక్కడున్నాడో వెతుక్కుంటుంది. ముప్పయ్యేళ్లు చూశాను. ఆ చూపు ఒక్క క్షణమే ఉంటుంది. దానికోసం కాచుకో. ఇదంతా మన సాయిదుర్గ పెళ్లికని మనసులో దాచుకున్నది. పల్లంరాజు గారి అమ్మాయికి వాడుకో, మంచిదే. మన పిల్ల పెళ్లికి ఎలాగూ నేనే తీస్తాను.

దాన్ని ఒక్కసారి ములాఖత్‌కి తీసుకురా. మాట్లాడకపోయినా పర్లేదు. కనిపించి వెళ్లిపోమను.

బావ


ధవళేశ్వరం,
24 ఆగస్టు 2025.

బావగారికి,

పెళ్లి బాగా జరిగింది. ఈ నెల పదమూడున, ఉదయం ముహూర్తం. వాన కూడా ఆగింది. ఫోటోలు నాలుగు ప్రింటు వేయించి ఇందులో పెట్టాను. ముందు అవి చూసి తర్వాత ఉత్తరం చదవండి.

చూశారా?

మా ఆఫీసులో పల్లంరాజు అనే మనిషి లేడు. పెళ్లికొడుకు పేరు ప్రవీణ్. పోర్ట్ బ్లెయిర్ ఓడరేవులో ఉద్యోగం. నెమ్మదస్తుడు. సంబంధం మే నెలలోనే కుదిరింది. కూతురి పెళ్లి అంటే పెరోల్ ఇస్తారని కనుక్కున్నాను. మన ఇంటి నుంచి శుభలేఖ పెట్టి ఒక అర్జీ పంపితే చాలన్నారు. పంపలేదు.

కాళ్లు కడిగి కన్యాదానం చేసింది మా పెదనాన్నగారి అబ్బాయి సత్తియ్య, ఆయన భార్య. మేనమామని కదా, బుట్టలో తీసుకొచ్చి కూర్చోబెట్టాను. కూర్చోబెట్టి మళ్లీ కెమెరా అందుకున్నాను. తలంబ్రాలకి హాలోజన్ లైట్లు పెట్టించి 500లో తీశాను. తెర తీసినప్పుడు 125 మీద సిద్ధంగా ఉన్నాను. మీరు రాసినట్టే, అది పెళ్లికొడుకుని చూడలేదు. తలెత్తి వాకిలి వైపు చూసింది. కుర్చీల వరసలన్నీ వెతికింది. మూడో ఫోటో అదే.

రావులపాలెంలో ఫోటోగ్రాఫర్లు పదిమంది ఉన్నారండి. ఎవర్ని పిలిచినా వచ్చేవాడు. మీ కూతురి పెళ్లి ఎలా తియ్యాలో మీ చేత్తోనే మీరు నాకు రాసివ్వాలనిపించింది. రాసిచ్చారు. మధ్యలో ఒకటి రెండుసార్లు మనసు మెత్తబడింది, అబద్ధమెందుకు చెప్పాలి. శుభలేఖ తీసుకుని జైలు గేటుదాకా కూడా వచ్చాను జూలై ముప్పై ఒకటిన. తిరిగి ఇంటికెళ్లేసరికి మీ ఉత్తరం వచ్చి ఉంది. టీ తాగుదామని అడిగిందని అందులో రాశారు.

ముసలయ్య


రాజమండ్రి,
30 ఆగస్టు 2025.

ముసలయ్యకి,

ఫోటోలు అందాయి. తలంబ్రాల ఫోటోలో ఫోకస్ పిల్ల మీద కాకుండా వెనకాల అరటిపిలక మీద పడింది. షటర్ ఒక్కటీ తెలిస్తే చాలదు. మిగతా మూడూ పర్లేదు.

నువ్వేదో ఘనకార్యం చేశాననుకుంటున్నావు. నీ మొదటి ఉత్తరంలోనే నాకు తెలిసిపోయింది. ఏడాదికి పైగా పలకనివాడు ఆఫీసులో ఎవరి పెళ్లికోసమో నా కెమెరా ముట్టుకుంటాడా? పెళ్లి ఎవరిదో తెలిసే అన్నీ రాశాను. ఇదిగో, ఇంకో కాగితం తీసుకుని మిగతాది కూడా విడమర్చి రాస్తున్నాను, బాగా చదువుకో.

పెరోల్ కాయితం నా దగ్గరే ఉంది. నింపలేదు. నాకు రావాలని లేదు. ఇద్దరు పోలీసుల మధ్య నిలబడి అక్షింతలు వెయ్యడం నాకు చేతకాదు. నేను వచ్చినా రాకపోయినా సాయిదుర్గ పెళ్లి ఆగదు. పెంచింది మీరు, చేసింది మీరు. నాకు అందులో ఏం పని? నన్ను ఎవరూ ఆపలేదు. నేనే వద్దనుకున్నాను.

సత్యప్రసాద్


ధవళేశ్వరం,
9 సెప్టెంబరు 2025.

బావగారికి నమస్కారములు.

మీ ఉత్తరానికి కృతజ్ఞతలు. నిజంగానే అంటున్నాను. మీకు తెలియని సంగతి ఒకటుంది, అది రాస్తాను.

పెళ్లికి ముందు సాయిదుర్గ నన్ను అడిగింది, పెరోల్ సంగతి ఏమైంది మావయ్యా అని. మీ నాన్నకి రావాలని లేదట అని చెప్పాను. అది నమ్మలేదు. "మా నాన్న ఆ మాట అనడు. నువ్వు అడిగి ఉండవు" అంది, నా మొహం మీదే. పదహారేళ్లు పెంచినవాణ్ని. పెళ్లిపీటల మీద కూడా మీరొస్తారనే వాకిలి వైపు చూసింది.

పెళ్లయ్యాక ఆల్బం చేయించి, ప్రవీణ్‌ని వెంటబెట్టుకుని మీ దగ్గరికి వస్తానని కూర్చుంది. ఎనిమిదో తారీఖు, సోమవారం ములాఖత్‌కి పేర్లు రాయించింది. "అత్త పోయాక మూడేళ్లు ఆయనతో మాట్లాడలేదు. వెళ్లి తిట్లు తింటాను" అంది. మీకు పూతరేకులు కూడా తెప్పించింది. దాన్ని ఆపడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. మీరిద్దరూ ఎదురుపడితే నా అబద్ధం బయటపడుతుంది, ఆ పిల్ల ఇక నా గుమ్మం తొక్కదు అని రెండు రోజులు అన్నం సహించలేదు.

శనివారం మీ ఉత్తరం వచ్చింది.

రెండు కాగితాల్లో మొదటిది తీసి దాచాను. రెండోది దాని చేతిలో పెట్టాను. మీ దస్తూరీ దానికి తెలుసు. వంటింటి గడప మీద కూర్చుని చదివింది. "నాకు రావాలని లేదు" అన్నచోట వేలు పెట్టి ప్రవీణ్‌కి చూపించింది. "నాకు అందులో ఏం పని" అన్నది పైకే చదివింది. తర్వాత లేచి వచ్చి, "నిన్ను అనుమానించాను మావయ్యా" అని నా కాళ్లకి దణ్ణం పెట్టింది. పూతరేకులు పక్క క్వార్టర్స్ పిల్లలకి పంచేసింది.

నేను నెలల తరబడి చెప్పి నమ్మించలేకపోయినదాన్ని మీరు ఒక్క కాగితంతో నమ్మించారు.

ఇరవయ్యిన ఇద్దరూ బయల్దేరుతున్నారు. విశాఖపట్నం వెళ్లి అక్కడ ఓడ ఎక్కుతారు.

ముసలయ్య


రాజమండ్రి,
13 సెప్టెంబరు 2025.

ముసలయ్యా, నాయనా,

ఆ ఉత్తరం అంతా అబద్ధం. నాకేమీ తెలీదు. నీ మొదటి ఉత్తరం నమ్మాను, రెండోదీ నమ్మాను. పల్లంరాజు గారి అమ్మాయి ఎలా ఉంటుందో అనుకుంటూ కవరు విప్పాను. బాసికం, నగలు, పూలజడ, వాటిలో ముందు పోల్చుకోలేదు కూడా. మూడో ఫోటోలో గుర్తుపట్టాను. అక్కడే కూలబడ్డాను. సాల్మన్ అని మా బ్యారక్‌లో ఒకాయన ఉన్నాడు, ఆయనే లేపి నీళ్లు తాగించాడు. రెండు రోజులు లేవలేదు. మూడో రోజు లేచి, నన్ను కొట్టానన్న తృప్తి నీకు మిగలకూడదని ఆ ఉత్తరం రాశాను. రాసిన ప్రతి మాటా నీకు తగలాలని రాసిందే. అది పిల్ల చేతికి వెళుతుందని నాకు తోచలేదు.

పెరోల్ కాయితం ఎలా ఉంటుందో కూడా నేను చూడలేదు. పిలిస్తే సంకెళ్లతోనైనా వచ్చేవాణ్ని. మండపం బయట చెప్పుల దగ్గర నిలబడమంటే నిలబడేవాణ్ని.

నూకరత్నానికి నేను చేసినదానికి నువ్వు నన్ను ఏం చేసినా కాదనను. బయటికొచ్చాక నీ గుమ్మం ముందు కూర్చుంటాను, కొట్టు, చంపు. కానీ వాళ్ల నాన్న తనని వద్దనుకున్నాడని ఆ పిల్ల సముద్రం దాటి వెళ్లకూడదు. దానికేం పాపం తెలుసు? నూకరత్నం పెంచిన పిల్ల అది. అది వెళ్లేచోటి చిరునామా గానీ దాని నంబరు గానీ నాకు తెలీదు. నాకున్నది నీ చిరునామా ఒక్కటే, ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఈ ఉత్తరం దానికి చూపించు. రైలెక్కేలోపు. నీకు దణ్ణం పెడుతున్నాను, నాకంటే చిన్నవాడివైనా.

సత్యప్రసాద్


ధవళేశ్వరం,
24 సెప్టెంబరు 2025.

బావగారికి,

మీ ఉత్తరం పదిహేడున అందింది. ఈసారి నిజమే రాశారని చదవగానే తెలిసింది.

సాయిదుర్గ అప్పుడు పక్క గదిలోనే ఉంది, పెట్టె సర్దుకుంటోంది. మీ ఉత్తరం మూడు రోజులు నా చొక్కా జేబులో ఉంది. ఇద్దామని రెండుసార్లు గుమ్మందాకా వెళ్లాను. మొదటిసారి ఎందుకు ఆగానో చెప్పలేను. రెండోసారి వెళ్లేసరికి అది నూకరత్నం చీర ఒకటి ఒళ్లో పెట్టుకుని మడతపెడుతోంది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

దీంతో నా మనసు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. ఇల్లు ఖాళీగా ఉంది. వంట నేనే చేసుకుంటున్నాను. పైన వానలు పడి గోదావరి పెరిగింది, లాకుల దగ్గర పని ఎక్కువగా ఉంది. మీరు ఇక రాయొద్దండి. నేనూ రాయను.

ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం రాజమండ్రి స్టేషన్‌లో వాళ్లని రైలెక్కించాను. సామాను పైన పెట్టి, నీళ్ల సీసా కొనిచ్చి, దిగి కిటికీ దగ్గర నిలబడ్డాను. ప్రవీణ్ అటు తిరిగి ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు. బండి కదలబోతుండగా అది కిటికీ ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుని, మెల్లిగా అడిగింది. "మావయ్యా, నాన్న దగ్గర్నుంచి మళ్లీ ఉత్తరమేమైనా వచ్చిందా?"

లేదమ్మా అన్నాను.

ముసలయ్య